పగలు ఆరని చుక్క

టోక్యో, ఏప్రిల్ 18

కజెతాని కొండల ఏలిక, అడవిపందుల పాలిటి పీడకల, చెవులు రెండూ డోలుకు దానమిచ్చేసిన మా తొకుజి మామయ్యకు, మేనల్లుడు హిబికి నడుము సగానికి వంచి చేసే నమస్కారం.

మీరు ఫోను ఎత్తరు. ఎత్తినా "ఎవరూ? ఎవరూ?" అని రెండుసార్లు అరిచి పెట్టేస్తారు. అందుకని స్టాంపు అంటించుకుని మరీ మీ ముందుకు వస్తున్నాను. పోస్టాఫీసు వరసలో ఇరవై ఆరేళ్ళవాణ్ణి నేనొక్కణ్ణే. వెనకున్న ముసలావిడ జాలిపడి అల్లం బిళ్ళ ఇచ్చింది.

విషయం ఏమిటంటే, నాకు ఒక యుద్ధం అప్పగించారు.

మా స్టూడియో తీస్తున్న కొత్త యానిమే బొమ్మల సీరియల్ పేరు "మబ్బుల అంచున రొట్టెల కొట్టు". ఒక పిల్ల రొట్టెలు కాలుస్తుంది. మాట్లాడే మేక వాటిని ఊరూరా మోస్తుంది. కథంతా అదే. కాని ఈ కాలంలో రొట్టె కాల్చాలన్నా దాని వెనక ఆకాశంలో వెయ్యేళ్ళ యుద్ధం జరిగి ఉండాలి. లేకపోతే మేకకు మాటలెలా వచ్చాయని జనం నిలదీస్తారు. ఆ యుద్ధం చాలా భాగాల దాకా తెర మీద కనబడదు. అయినా బొమ్మలు వేసే నూటపాతిక మందికీ అది తెలిసి ఉండాలి. అందుకోసం "పాత యుద్ధం ఫైలు" అని ఒకటి రాస్తారు. రాసే భాగ్యం నాది.

మూడు రోజులు గోడ చూశాను. నాలుగో రోజు చెక్క మొహాలు తొడుక్కుని దేవుడి ముందు ఆడే మన ఊరి కగురా ఆట గుర్తొచ్చింది. నా ఎనిమిదో ఏట మీరు యొకొహామా వచ్చి, నన్ను సంచీలా భుజాన వేసుకెళ్ళి చూపించారే, అదే. అమ్మ రాలేదు, పనుందంది. నాకు గుర్తున్నంత వరకు కథ ఇది: మొదట ఆకాశం చుక్కలది. సూర్యుడు వచ్చి "ఇక తెల్లారింది, ఆరిపోండి" అన్నాడు. అన్నీ తలవంచి ఆరిపోయాయి. ఒక్కటి మాత్రం "నేను ముందొచ్చాను" అని నిలబడింది. అక్కణ్ణించి యుద్ధం. ఎనిమిది అంకాలు. ఊరూరా ఈ ఆటలు రాత్రి ఆడితే మనవాళ్ళు మిట్టమధ్యాహ్నం ఆడతారు. చివర్లో సూర్యుడు కత్తి ఎత్తుతాడు, డోలు ఆగుతుంది, అందరూ లేచి అన్నం ముద్దలు తింటారు!

తొమ్మిదో అంకం ఏది మామయ్యా? ఇక్కడ నా మెడ మీద కత్తి ఉంది. ఆకాశాలు వేసే హజామా గారని ఒకావిడ ఉంది. కుంచెను బల్లెంలా పట్టుకుంటుంది. నా ఫైలు బల్ల మీద పడేసి, "ఎవరు గెలిచారో రాయకపోతే నేను ఏ నీలం కలపనోయ్?" అంది. సూర్యుడు గెలిస్తే ఒక నీలమట, చుక్క గెలిస్తే ఇంకో నీలమట.

కనక, నలభై ఏళ్ళుగా చుక్క మొహం తొడుక్కుని నిలబడుతున్న మిమ్మల్నే, కొత్త కాగితం తీసుకుని, మోకరిల్లి అడుగుతున్నాను.

ఎవరు గెలిచారు? మళ్ళీ అడుగుతున్నాను: ఎవరు గెలిచారు? ముచ్చటగా మూడోసారి: ఎవరు గెలిచారు?

కొంగలా మెడ సాచి ఎదురుచూస్తూ,
హిబికి


కజెతాని, ఏప్రిల్ 30

హిబికీ,

వెదురు మొలకలు పందులు తినేశాయి. మిగిలినవి మేం తిన్నాం. నీకు లేవు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. హాలుకు తీసుకెళ్ళి ఆట బృందానికి చదివి వినిపించాను. బృందమంటే ఇప్పుడు ఏడుగురం. సూర్యుడు ఆడే ఒగాతా టీ చేత్తో పట్టుకుని తాగడం మర్చిపోయాడు. డోలు కొట్టే మినె వదిన ముక్కు చీదుకుని, "నలభై ఏళ్ళయింది ఆ మాట ఈ ఊళ్ళో వినబడి" అంది.

నీ కాలి కొలత ఎంత? పొడుగెంత? మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నిలువెత్తు ఫోటో ఒకటి పంపు. నవ్వకుండా.

నా కుడి తుంటి బాగాలేదు. మిగతాదంతా బాగుంది.

తొకుజి


టోక్యో, మే 12

నవ్వకుండా ఫోటో దిగడం ఎంత కష్టమో తెలియని మామయ్యకు,

కాలు ఇరవై ఆరున్నర సెంటీమీటర్లు. పొడుగు నూట డెబ్బై ఒకటి, తల దువ్వని రోజు డెబ్బై మూడు. మోకాళ్ళు లెక్క ప్రకారం రెండూ ఉన్నాయి. ఫోటో జతచేశాను. పక్కనున్నది అట్టమేక, మా స్టూడియోలో నాకంటే పలుకుబడి ఉన్న వ్యక్తి.

నేను చదువుకున్నవాణ్ణి మామయ్యా. కాలి కొలత, నిలువు ఫోటో, మినె అవ్వ కన్నీళ్ళు. మీరు నాకు సంబంధం చూస్తున్నారు. ఎవరా అమ్మాయి? నా కాళ్ళతో ఆమెకేం పని?

(రెండో పేజీ)

మీరు అసలు ప్రశ్నకు జవాబు రాయలేదు. నేను ఆగలేకపోయాను. సోమవారం సమావేశంలో దర్శకుడు కుసకాబె గారు పెన్ను మూత తీస్తూ, "ఏమోయ్, ఎవరు గెలిచారు?" అన్నారు. పదకొండు జతల కళ్ళు నా మీద వాలాయి.

"సూర్యుడు" అన్నాను.

"మరి చుక్క?"

"చచ్చిపోయిందండి. తొమ్మిదో భాగంలో. మెడ మీద ఒకటే వేటు."

"బాగుంది" అని పెన్ను మూత పెట్టేశారు. అంతే. వెయ్యేళ్ళ యుద్ధాన్ని టీ చల్లారేలోపు ముగించాను. ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు. హజామా గారు మాత్రం నీలం సీసా మూత తిప్పుకుంటూ కూర్చుంది.

యుద్ధాలు ముగించువాడు,
హిబికి


కజెతాని, జూన్ 9

హిబికీ,

నాట్లు అయ్యాయి. నడుము పోయింది.

నీ ఉత్తరంలో కొలతల వరకు, ఫోటో హాల్లో చూపించాను. "మేక ఎవరిది?" అన్నాడు ఒగాతా. నీ స్నేహితుడని చెప్పాను.

రెండో పేజీ నేనొక్కణ్ణే చదివాను. మీ టోక్యోలో చుక్కలు అంత త్వరగా చస్తాయన్నమాట. సరే.

ఇక్కడ అందరూ ఒప్పుకున్నారు. నవంబరు మూడు, మిట్టమధ్యాహ్నం. మ్యూజియం వాళ్ళ కాగితాలు ఒగాతా తన చేత్తోనే తిప్పి పంపేశాడు. అక్టోబరు ఒకటి నుంచి మాంసం ముట్టకు. నీ కొలతకు బొటనవేలు విడిగా ఉండే తెల్ల మేజోళ్ళు రెండు జతలు కుట్టించాం. ఇంట్లో తొడుక్కుని నడువు. మడమ ఎత్తకుండా.

తొకుజి


టోక్యో, జూన్ 20

అడక్కుండానే ముహూర్తాలు పెట్టే పెళ్ళిళ్ళ పేరయ్య అయిన మామయ్యకు,

మేజోళ్ళు అందాయి. మెత్తగా ఉన్నాయి. నవంబరు మూడు మిట్టమధ్యాహ్నమని తెలిసి సంతోషించాను. అందరూ ఒప్పుకున్నారని తెలిసి ఇంకా సంతోషించాను. ఒక చిన్న సందేహం: ఆ అందరిలో నేనూ, ఆ అమ్మాయీ ఉన్నామా? కుట్టు బాగుంది కనక అమ్మాయి పనిమంతురాలే అయి ఉండాలి. కాని పెళ్ళికొడుక్కి మాంసం ఎందుకు మాన్పిస్తున్నారో, మ్యూజియం వాళ్ళకు ఈ పెళ్ళితో ఏం సంబంధమో

జూన్ 24

పై కాగితం చింపేయాల్సింది. చింపలేదు. నేనెంత వెధవనో మీ దగ్గర ఒక ఆధారం ఉండాలి.

అమ్మకు ఫోను చేసి మేజోళ్ళ సంగతి నవ్వుతూ చెప్పాను. అమ్మ నవ్వలేదు. "మీ మామయ్యని నువ్వేమన్నా అడిగావా?" అంది. అడిగింది చెప్పాను. "ఎన్నిసార్లు?" అంది. "మూడు" అన్నాను. అటు కూస్తున్న కెటిల్ కట్టేసింది.

తర్వాత చెప్పింది. కజెతానిలో ఆ మాట ఎవరూ ఎవరినీ అడగరట. తాగినవాళ్ళు కూడా అడగరట. చుక్క మొహం ఇకమీదట నేను తొడుక్కుంటాను అని ముందుకొచ్చేవాడు మాత్రమే, అప్పటికి తొడుక్కుంటున్నవాణ్ణి ఆ మాట అడుగుతాడట. జీవితంలో ఒక్కసారి. జవాబు ఉండదట. అడగడమే మాట ఇవ్వడమట.

మామయ్యా, నాకు తెలియదు. నేను ఆకాశం రంగు కోసం అడిగాను. మేక కోసం అడిగాను. మినె అవ్వ ఏడ్చింది అని మీరు రాస్తే పెళ్ళి సంతోషం అనుకున్నాను. ఒగాతా గారికి నిజం చెప్పండి. ఆయన తిప్పి పంపిన కాగితాలేవో మళ్ళీ తెప్పించుకోమనండి. మేజోళ్ళు ఉతికి పంపిస్తాను. ఒక్కసారే తొడిగాను. మడమ ఎత్తలేదు.

హిబికి


కజెతాని, జూలై 11

హిబికీ,

మేజోళ్ళు పంపకు.

నాకు ముందే తెలుసు. మూడుసార్లు అడిగినప్పుడే తెలిసింది. నియమం తెలిసినవాడు ఒక్కసారే అడుగుతాడు, అడిగాక కాళ్ళు వణుకుతాయి. నీ రాతలో వణుకు లేదు. కాబట్టి నువ్వు వెధవవైతే నేను దొంగను.

ఫిబ్రవరిలో బృందం కూర్చుని ఆట ముగించేద్దామని తేల్చింది. ఊళ్ళో మిగిలింది ముప్ఫై ఒక్కమంది. నా తుంటికి ఇక నిలబడే శక్తి లేదు. నా తర్వాత ఎవరూ అడగలేదు. రెండు మొహాలూ పట్నంలో మ్యూజియంకు ఇచ్చేద్దాం, అద్దాల పెట్టెలో పురుగు పట్టకుండా ఉంటాయి అన్నాడు ఒగాతా. అతను చెడ్డవాడు కాదు. అలిసిపోయాడు. కాగితాల మీద ఆరు ముద్రలు పడ్డాయి. నాదొక్కటే మిగిలింది. మే నెలలో వేస్తానన్నాను.

నీ ఉత్తరం ఏప్రిల్లో వచ్చింది. రొట్టెలపిల్ల, మేక, నీలం రంగు ఉన్న కాగితాలు జేబులో పెట్టుకున్నాను. చివరి కాగితం ఒక్కటి హాల్లో చదివాను. "ఎవరు గెలిచారు?" అని నువ్వు మూడుసార్లు రాశావు. నేను ఒక్కసారే చదివాను.

ఇంకో సంగతి మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. ఆమె కూడా అడిగింది. పదిహేడేళ్ళప్పుడు, వసంతంలో, మా నాన్నను. నిలబడి అడిగింది. కాళ్ళు వణికాయి. నాన్న వినబడనట్టు గొడ్డలి నూరుకుంటూ ఉండిపోయాడు. ఆడపిల్ల అడిగితే అడిగినట్టు కాదట. ఆ శరదృతువులో నేను అడిగాను. నాన్న గొడ్డలి కింద పెట్టాడు. మీ అమ్మ అప్పుడు గుమ్మంలోనే ఉంది. మరుసటి ఏడు వెళ్ళిపోయింది. నేను నలభై ఏళ్ళు ఆడాను.

నువ్వు రాకపోతే నిన్నేమీ అనను. కాని ఒకటి తెలిసి ఉండు. ప్రకటించాక ఆట ఆపరు. నవంబరు మూడున ఒగాతా వేదిక ఎక్కుతాడు. ఎదురుగా ఎవరూ ఉండరు. కత్తి ఎత్తుతాడు, ఎంతసేపని పట్టుకుంటాడు, దించుతాడు. దాంతో యుద్ధం అయిపోతుంది. సూర్యుడు గెలిచినట్టు. ఎదుటివాడు రాలేదు కాబట్టి.

తొకుజి


టోక్యో, ఆగస్టు 3

మామయ్యకు,

ఈసారి పలకరింపులో తమాషా లేదు. వెతికాను, దొరకలేదు.

మీ మీద చాలా కోపంగా ఉంది. మీ ఊరి యుద్ధాన్ని నేను అడక్కుండా పట్టుకెళ్ళాను, నిజమే. మీరు నన్నే పట్టుకెళ్ళారు. ఏడుగురు ముసలివాళ్ళ ముందు నా పేరు తాకట్టు పెట్టి, ఇప్పుడు "నిన్నేమీ అనను" అంటున్నారు. అనండి మామయ్యా! అరిస్తే నేనూ అరవొచ్చు. మీరలా నెమ్మదిగా రాస్తుంటే నాకు అన్నం సహించడం లేదు.

ఇద్దరం దొంగలమే కదా, చెల్లుకు చెల్లు అనుకుందామంటే, నా వైపు ఒక చుక్క చచ్చింది. నిన్న కుసకాబె గారి దగ్గరికెళ్ళాను. "తొమ్మిదో భాగంలో వేటు పడకుండా ఆపేద్దామండి. కత్తి ఎత్తాక ఆగిపోతే చాలు" అన్నాను.

ఆయన నన్ను జ్వరం వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. "బొమ్మలు పూర్తి చేయించడానికి కొరియా వెళ్ళిపోయాయి. అయినా ఎత్తిన కత్తి దించకపోతే చూసేవాడు మనల్ని తిడతాడోయ్. చంపమన్నది నువ్వేగా?"

నేనే. అందరి ముందూ, చప్పట్ల మధ్య.

నేను రాలేను. నవంబరు మొదటి వారంలో ఏడో భాగం అప్పగింత. నాకు నాట్యం రాదు. నేను అక్కడివాణ్ణి కాను. సంచీలా మోసుకొస్తే ఒకసారి వచ్చాను, అంతే. ఒగాతా గారిని కత్తి ఎత్తవద్దని చెప్పండి.

హిబికి


కజెతాని, సెప్టెంబరు 12

హిబికీ,

వరి పడిపోయింది, గాలికి. లేపి కట్టాం.

తుంటి కీలు మార్చాలన్నారు. అక్టోబరు ఇరవై ఎనిమిదిన పట్నం ఆసుపత్రిలో. తర్వాత నెల పైనే అక్కడ ఉండాలట. టీవీ ఉందట. కనక నవంబరు మూడున నేను చూసేవాళ్ళలో కూడా ఉండను.

ఒగాతాకు చెప్పమన్నావు. అంతా చెప్పేశాను, మేకతో సహా. లేచి బయటికెళ్ళి ఒక చుట్టు తిరిగొచ్చాడు. తర్వాత, "అయినా ఆ పిల్లాడు అడిగాడు కదా" అన్నాడు. మర్నాడు హాలుకెళ్ళి చూస్తే ఒక్కడే కత్తి ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపు పట్టుకోగలడో చూసుకుంటున్నాడట. డెబ్బై ఒక్కేళ్ళు.

ఆ ఏడు నాన్నను అడగకుండా ఉండాల్సింది నేను. నువ్వు కాదు. ఎండుచేపలు పంపాను, అక్టోబరు లోపు తినెయ్.

తొకుజి


టోక్యో, అక్టోబరు 8

మత్తుమందిస్తే లెక్కపెట్టమంటారు, అప్పుడు డాక్టరు మీద అరవకూడదని తెలుసుకోవాల్సిన మామయ్యకు,

ఎండుచేపలు సెప్టెంబరులోనే అయిపోయాయి. ఈ నెల ఒకటో తేదీ నుంచి సోయా పెరుగుగడ్డ తింటున్నాను. ఈ వాక్యం అర్థం మీకు తెలుసు. నేను విడిగా రాయను, రాస్తే చెయ్యి వణుకుతుంది.

మీ జూలై ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. గొడ్డలి సంగతి వచ్చినప్పుడు కాస్త తడబడ్డాను. ఆమె గిన్నెలు తోముతూ ఆగలేదు. అన్నీ తోమి, చేతులు తుడుచుకుని, సోఫా గోడకు నెట్టి, "నిలబడు" అంది.

అమ్మకు మొత్తం వచ్చు మామయ్యా. ఎనిమిది అంకాలూ, ఒక్కొక్క అడుగూ. చిన్నప్పుడు చెక్క గోడ సందులోంచి చూసి నేర్చుకుందట. యొకొహామా ఫ్లాటులో, చేతిలో గరిటెతో, చుక్కలా తిరిగింది. "మరి నువ్వే వెళ్ళమ్మా" అన్నాను. "ఇప్పుడా? నా మోకాళ్ళు వాళ్ళకు ఇప్పుడు గుర్తొచ్చాయా?" అని గరిటెతో నా మడమ మీద ఒకటిచ్చింది. "ఎత్తకు!" కింది ఫ్లాటువాళ్ళు రెండుసార్లు వచ్చి గొడవపడి వెళ్ళారు.

కుసకాబె గారిని ఎనిమిది రోజులు సెలవు అడిగాను. "వెళ్ళు. కాని నువ్వు తిరిగొచ్చేసరికి నీ బల్ల ఖాళీగా ఉంటుందని నేను మాటివ్వను" అన్నారు. తొమ్మిదో భాగం గురించి మళ్ళీ అడిగాను. "చచ్చిన చుక్క చచ్చింది" అన్నారు. అందుకు నేను చేయగలిగింది ఏమీ లేదు. మీకిది ముందే చెప్పాలి. నేను అక్కడ నిలబెట్టేదాన్నే ఇక్కడ నరికించాను. రెండూ నా చేతుల మీదుగానే.

మెట్ల దగ్గర హజామా గారు ఎదురైంది. అంతా చెప్పాను, ఎందుకో. పగలు ఆడే ఆట, పగలు ఆరని చుక్క. ఆవిడ గోడకానుకుని విని, "ఏ పక్క?" అంది.

"ఏమిటండీ?"

"ఆ చుక్క. చూసేవాళ్ళకు ఏ పక్కన నిలబడుతుంది?"

"ఎడమ" అన్నాను. తలూపి వెళ్ళిపోయింది.

మడమ ఎత్తని,
హిబికి


కజెతాని, నవంబరు 4

పట్నం ఆసుపత్రిలో కొత్త తుంటితో పడుకున్న మామయ్యకు, మీ ఇంట్లో, మీ బల్ల దగ్గర, మీ పెన్నుతో (సిరా కారుతోంది, కొత్తది కొనండి) రాస్తున్నాను.

ముందుగా నష్టాల పట్టిక. నేను మూడో అంకంలో ఒకసారి తప్పు వైపు తిరిగాను. ఐదో అంకంలో సూర్యుడి బట్టల అంచు తొక్కాను. ఆరులో నా బల్లెం హాలు మెట్ల మీదికి దొర్లింది. చూసేవాళ్ళు ఇరవై ఎనిమిది మందీ పెద్దమనుషులు కనక ఎవరూ నవ్వలేదు, మినె అవ్వ తప్ప.

అభ్యాసం ఐదు రోజులు. ఒగాతా గారు మొదటి రోజే, "టోక్యోలో నడక కూడా నేర్పరా?" అన్నారు. రెండో రోజు, "మేక ఉన్నా బాగుండేది" అన్నారు. "మీ మామ మొదటేడు ఇంతకంటే ఘోరం, నా డోలు మీద పడ్డాడు" అని మినె అవ్వ నన్ను వెనకేసుకొచ్చింది. ఇది మీరు నాకెప్పుడూ చెప్పలేదు.

అమ్మ వచ్చింది. నాకు చెప్పకుండా, ఉదయం బస్సులో. హాలు గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు. అందరూ చూసి చూడనట్టు ఉన్నారు. ఒగాతా గారే తన చాప కొంచెం పక్కకు జరిపి, "సయొకో, కూర్చో. ఆలస్యమైంది" అన్నారు. అమ్మ, "మీకు" అంది. ఆయన, "అవును, మాకు" అన్నారు. అప్పుడు కూర్చుంది. మొహం తాళ్ళు అమ్మే కట్టింది. తల వెనక ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. చాలాసేపు కట్టింది.

ఇక అసలు సంగతి. మీకు తెలిసినదే. అయినా రాయాలి.

చుక్క మొహానికి కన్నాలు ఎంత కిందికి ఉంటాయో నాకు అప్పటిదాకా తెలియదు. లోపలికి వెళ్ళాక కనబడేది ఎదుటివాడి పాదాలు మాత్రమే. చివర్లో నన్ను వేదిక ఎడమ అంచుకు నెట్టాక, కత్తి లేచిందని నీడను బట్టి తెలిసింది. మధ్యాహ్నం కదా, నీడ చాలా చిన్నది. డోలు ఆగింది. ఊరంతా పైకి, కత్తి వైపు చూస్తోంది. నేనొక్కణ్ణే కింద చూస్తున్నాను. సూర్యుడి కాళ్ళు వణుకుతున్నాయి మామయ్యా. తెల్ల మేజోళ్ళలో, గాలి లేకుండానే. అప్పుడు ఆయన మొహం లోపలినుంచి, నాకు తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా అన్నారు:

"ఇంకా ఉన్నావా?"

చుక్క మాట్లాడకూడదని అమ్మ గరిటెతో నేర్పింది. మాట్లాడలేదు. కదలలేదు. మడమ ఎత్తలేదు. ఆయన కాసేపు విని, ఊపిరి వదిలి, కత్తి పక్కకు దించారు. అన్నం ముద్దలు తీసుకొచ్చారు. అందరూ తిన్నారు.

ఆయన మిమ్మల్నీ ఏటా అలాగే అడిగేవారా? ఈ చివరి ఆరేడేళ్ళు మీకు వినబడి ఉండదు కదా. సాయంత్రం నుంచి అదే ఆలోచిస్తున్నాను.

ఎవరు గెలిచారన్న మాటకు జవాబు అదే అయితే, నా ఫైలులో దానికి గడి లేదు. ఈ నెలాఖరు ఆదివారం సాయంత్రం ఐదింటికి తొమ్మిదో భాగం వస్తుంది. చూడకండి. దయచేసి ఆ గంట టీవీ కట్టేయమనండి.

మొహం పెట్టెలో పెట్టాను. కర్పూరం కొత్తది వేశాను. రేపు బల్ల ఉందో లేదో చూసుకోవడానికి వెళ్తున్నాను.

హిబికి


పట్నం ఆసుపత్రి, మూడో అంతస్తు, డిసెంబరు 9

హిబికీ,

ఇక్కడ జావ బాగోదు. నడుస్తున్నాను. చేతికర్రతో.

ఒగాతా సంగతి. వినబడదు. కాని అడుగుతున్నాడని తెలుసు. చుక్క మొహం నాకు రాకముందు, మా నాన్నకు ఎదురుగా సూర్యుడు ఆడిన ఒక ఏడు నేనూ అడిగాను. ఎవరూ నేర్పరు. ఎత్తి పట్టుకున్నాక అదే వస్తుంది.

చూడొద్దన్నావు, చూశాను. తొమ్మిదో భాగంలో చంపారు. మెడ మీద ఒకటే వేటు. పక్క మంచం ఆయన ఏడ్చాడు. నేను ఆ రాత్రి జావ తాగలేదు. నీకు తెలియాలని రాస్తున్నాను, బాధపడాలని కాదు.

మొన్న ఆదివారం పదో భాగం కూడా చూశాను. నలుగురం కూర్చున్నాం. పగలు. ఆ పిల్ల రొట్టెలు ఆరబెడుతోంది, మేక ఏదో వాగుతోంది. వెనక ఆకాశం అంతా నీలం. ఎడమ వైపు పైన తెల్లగా చిన్న చుక్క ఒకటి ఉంది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నర్సు చూసి దుమ్మనుకుంది. గుడ్డ తెచ్చి తెర తుడిచింది.

పోలేదు. ఇంకోసారి తుడిచింది.

తొకుజి